పని కాకముందే వెళ్ళిన కబురు

ఆఫీసులో ఆమెను అందరూ అతుకులక్క అంటారు. జావాస్క్రిప్ట్ లైబ్రరీ అంటే ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ ప్రోగ్రాముల కట్ట; అందులో ఒక్క గీత చెరపకుండా, ఒక పని చేసిపెట్టే ఫంక్షన్‌ను పక్కకు తీసి, దాని చోట తనది నిలబెడుతుంది. తనది ముందు పాతదాన్ని పిలిచి పని చేయిస్తుంది, అది తిరిగి రాగానే ఇంకో పని చేరుస్తుంది. కుట్టు కనపడదు. డయాలిసిస్ కేంద్రం క్యాలెండర్ ఆరేళ్ళు అలాగే నడిచింది. నర్సు ఒక రోగి డయాలిసిస్ వంతును వేరే రోజుకు జరిపితే, ఆ కబురు వాళ్ళ ఫోన్ మీద చినుకులా రాలేది.

పోయిన వారం లైబ్రరీ కొత్తది వస్తే మార్చింది. తన అతుకును మాత్రం విప్పి చూడలేదు.

కొత్త ఫంక్షన్ పని ముగించి తిరిగి రాదు. "చేస్తాలే" అని మాటిచ్చి వెంటనే వచ్చేస్తుంది. పని ఆ తర్వాత అవుతుంది, ఒక్కోసారి అవదు. అతుకు ఆ మాటనే నమ్మింది. గురువారం ఖాళీ లేదని కేంద్రం సర్వర్ ఆ మార్పును తిప్పికొట్టేలోపే, వంతు గురువారానికి మారిందని ఒక పెద్దాయనకు కబురు వెళ్ళిపోయింది. ఆయన మంగళవారం మానేశాడు. గురువారం వెళితే మంచం లేదన్నారు. నిన్న ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చారు.

"లైబ్రరీ వాళ్ళ మీదికి తోసెయ్ అక్కా," అంది పక్క సీటామె. "వాళ్ళేమన్నా ఇక్కడికొచ్చి పోట్లాడతారా?"

"మార్చామని వాళ్ళు రాసే పెట్టారు. చదవంది నేను."

"అవన్నీ చదివే తీరిక దేవుడికే ఉండాలి. ఒప్పుకున్నావంటే నీ ఉద్యోగానికి నువ్వే నీళ్ళొదులుకున్నట్టు."

పని అయ్యేదాకా ఆగమని అతుకులో ఒక్క ముక్క చేర్చడానికి నిమిషం పట్టలేదు. ఫోన్ చెయ్యడానికి మాత్రం పొద్దంతా పట్టింది.

పెద్దాయన కూతురు ఎత్తింది.

"ఆ మెసేజ్ పంపింది నేను రాసిన ప్రోగ్రామేనమ్మా. తప్పు నాది. నాన్నగారికి ఎలా ఉంది?"



"ఇందాకే కళ్ళు తెరిచారు. మిమ్మల్ని తిట్టాలి, ఓపిక లేదు. ఒక్కటి చెప్పండి. ఇలాంటి మెసేజ్ ఇంకెంతమందికి వెళ్ళింది?"

ఆ ప్రశ్న ఆమెకు తట్టనే లేదు. ఇంతసేపూ తన తప్పు చుట్టూ, తన కుర్చీ చుట్టూ గానుగెద్దులా తిరిగింది.

వారం కబుర్లనూ, సర్వర్ ఒప్పుకున్న మార్పులనూ పక్కపక్కన పెట్టి చూసింది. పొంతన కుదరనివి ఇంకో నాలుగున్నాయి. అందులో ఒకరి అసలు వంతు ఈరోజే, ఇంకో గంటలో.

"ముందు మేనేజరుకు చెప్పొద్దా?" అంది పక్క సీటామె.

"తర్వాత."

ఆ రోగి నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది.