కొబ్బరినీళ్లు పడ్డ ఈస్ట్

మృదుల పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా పక్కింటి మంజుల మాత్రం ఆ పేరే ఎత్తదు.

మంజులది మా సాతంరాయి ఊరే. చాలా ఏళ్లు ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టు మీద నేల తుడిచింది. ఆ తర్వాత మహేశ్వరం దగ్గర ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. బిస్కెట్లలో, కూల్‌డ్రింకుల్లో వేసే పండ్ల వాసన అక్కడ తయారవుతుంది. ఆ వాసనిచ్చే పదార్థాలను ఎస్టర్లంటారు. వాటిని చేసిపెట్టేది జన్యువులు మార్చిన ఈస్ట్ కణాలు. ఆల్కహాల్‌నూ ఆమ్లాన్నీ కలిపిస్తే ఆ కణాలు రెండింటినీ జతచేస్తాయి. పనయ్యాక వాటిని వడగట్టి, ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. కాకపోతే తడి తగలకూడదు, నీరు చేరితే జతపడ్డవి మళ్లీ విడిపోతాయి. ఆరబెట్టే పని మంజులది. దసరా వెళ్లాక పర్మనెంట్ చేస్తామన్నారు. ఇంటికొస్తే ఆమె చీరంతా అరటిపండు వాసన. మేం ఆటపట్టిస్తే మురిసిపోయేది.

దసరాకు మిషన్లకు పూజ చేశారు. ల్యాబు చూసుకునే మృదుల కొత్తగా చేరింది, చదువుకున్న అమ్మాయి. ఆరిన ఈస్ట్ ట్రేల పక్కనే నిలబడి కొబ్బరికాయ కొట్టింది. నీళ్లు చింది ట్రేలో పడ్డాయి.

“అయ్యో, తడిసింది గద చెల్లె! సారుకు చెప్దాం పా,” అంది మంజుల.

మృదుల ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేసింది. “వద్దు అక్కా. దేవుడి దగ్గర నీళ్లే కదా, ఏమీ కాదు. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఎవరికీ చెప్పకండి.”

“ఏడ్వకు. నేనెందుకు చెప్త?” అని మాటిచ్చింది మంజుల. పిచ్చిది.

ఆ ఈస్ట్‌నే ట్యాంకులో వేశారు. సరుకంతా చెడింది. యజమాని జగదీశ్ ఇద్దరినీ తన గదిలోకి పిలిచి, ఈస్ట్‌కు తడి ఎలా తగిలిందని అడిగాడు.

“మంజుల గారు ట్రేల పక్కన కొబ్బరికాయ కొట్టారు సార్. వద్దన్నా వినలేదు,” అంది మృదుల, తొణక్కుండా.

మంజుల బల్ల దగ్గరికి జరిగింది. “అబద్ధం సార్. కొట్టింది ఆమెనే. నా కండ్లతోని చూసిన.”

“చూస్తే ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దని ఏడ్చింది సార్.”

జగదీశ్ మృదుల వైపు తిరిగాడు.

“నేనా? నేనెందుకు ఏడుస్తాను సార్?” అంది ఆ అమ్మాయి.

మంజులను మర్నాటి నుంచి రావద్దన్నారు. బస్సులో వస్తున్నంతసేపూ ఆమె కంట తడి పెట్టలేదట. మా ఇంటి గుమ్మంలో కూలబడ్డాక అంది:

“పని పోతే పోయింది వదినా, ఇంకోటి దొరుకుతది. గా పిల్ల కండ్లు నేనే తుడిచిన, నా కొంగుతోని. గదే మర్వనీకి ఐతలేదు.”