మావయ్య బిగించిన ముందు టైరు

మా వీధిలో ఉండే లారీ డ్రైవరు ఒకాయన ఇంజను ఆపకుండానే మా గుమ్మం ముందు దిగాడు. "అక్కా, మీ మావ పోనాడు. షాపులోనే, కుర్చీలో కూసున్నోడు కూసున్నట్టే పోనాడు" అన్నాడు. నేను బియ్యం ఏరుతున్నాను. చేట పక్కన పెట్టాను. ఏడుపు రావాలి, రాలేదు. మొదట వచ్చిన ఆలోచన ఒక్కటే. ఇక నేను మాట్లాడొచ్చు.

ఆ తర్వాత మోకాళ్ల మీద పడి ప్రార్థన చేశాను. అలాంటి ఆలోచన వచ్చినందుకు క్షమించమని అడగలేదు. మాట్లాడేటప్పుడు గొంతు వణక్కుండా చూడమని అడిగాను. నా గొంతు చిన్నది. కూరగాయలమ్మి కూడా "ఏటమ్మా, గట్టిగా సెప్పు" అంటుంది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. సాలూరులో నలభై ఏళ్లు లారీ టైర్లు విప్పాడు, బిగించాడు. మా నాన్న చిన్నప్పుడే పోతే నన్ను పదో తరగతి దాకా చదివించింది ఆయనే. టైరు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమి మేకు ఎక్కడుందో చెప్పేవాడు. వేళ్లు తెగేవి. తెగిన వేలు నోట్లో పెట్టుకుని, "దొరికింది దొంగ" అని నవ్వేవాడు. కుడి బొటనవేలి గోరు మాత్రం కత్తిరించేవాడు కాదు. ఆ గోరు రబ్బరులోకి నొక్కి టైరు సంగతి చెప్పేవాడు. శనివారం సాయంత్రం సబ్బుపొడి, నిమ్మచెక్క పెట్టి చేతులు తోముకునేవాడు. ఆదివారం గుళ్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకోవడానికి నల్ల చేతులు చాపడం ఆయనకి సిగ్గు. అయినా గీతల్లో నలుపు అలాగే ఉండేది.

మా అబ్బాయికి మోటారు సైకిళ్ల పిచ్చి. డిప్లొమా చదివి గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరాడు. జీతం కూడబెట్టి పాత బండి ఒకటి కొన్నాడు. మద్రాసు దగ్గర రేసు ట్రాకు ఉందట. కొన్ని రోజులు మామూలు వాళ్లని కూడా వాళ్ల బళ్లతో అక్కడ తిప్పుకోనిస్తారట. పోటీ కాదు, బహుమతి లేదు. ట్రాక్ డే అంటారు. నేను వద్దని ఏడ్చాను. మావయ్యే సర్ది చెప్పాడు.

"ఎల్లనియ్యే. మన ఘాట్‌రోడ్డు మీద తోలితే సస్తాడు. అక్కడ ఎదురుగా లారీ రాదు. పడ్డా గడ్డి మీద పడతాడు."

మొదటిసారి టైర్లు ఎంచింది ఆయనే. లారీ వాళ్లకి ఎంచినట్టే ఎంచాడు. గ్రిప్పు గీతలు లోతుగా ఉండాలి, రబ్బరు రాయిలా ఉండాలి, ఏళ్ల తరబడి రావాలి. వాడు వెళ్లి రెండో మలుపులోనే జారి పడ్డాడు. మోకాలు కొట్టుకుపోయి వచ్చి షాపు ముందు కూర్చున్నాడు.

"తాతా, నువ్వు లారీకి కొన్నావు, నాకు కాదు."

మావయ్య దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఔన్రా నాయనా. ఇన్నేళ్లూ బరువు మొయ్యడానికే టైరు సూసేను. వంగడానికి ఏనాడూ సూళ్లేదు."

ఆ వయసులో ఆయన మళ్లీ నేర్చుకున్నాడు. వాడి ఫోనులో వీడియోలు పెట్టించుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని చూసేవాడు. మాట అర్థం కాకపోతే ఆపించి అడిగేవాడు. నేను టిఫిను పట్టుకెళ్లినప్పుడల్లా తాతా మనవళ్లిద్దరూ అదే గోల. విని విని నాకూ వచ్చేసింది.

"గీతలు వాన్నీళ్లు పోడానికేనే. ఎండినకాడ పట్టుకునేది రబ్బరు. మెత్తగుండాలి. బేగి అరిగిపోతాది, పోనీ. ఈడు ఏడాదికి రెండు రోజులే కదేటి తిప్పేది."

"మరి అంత డబ్బెక్కడిది మావా?" అన్నాను.

"అందుకే యెనక దాని మీద పొదుపు సేద్దుం. రేసోళ్లు నాలుగు రౌండ్లు తిప్పి పారేసినవి ఉంటాయంట. మన లారీలు మద్రాసు నుంచి కాళీగా వస్తన్నాయి కదా, ఎవుడో ఒకడు తెస్తాడు. యెనక టైరు జారే ముందు బండి ఊగి సెప్తాది. ముందుది సెప్పదు. ముందు టైరుకాడ పిసినారితనం పనికిరాదు. అది కొత్తదే కొనాల."

టైరుకి వయసు ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. పక్కన రబ్బరు మీద నాలుగు అంకెలు అచ్చేసి ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ముట్టుకోని టైరైనా ఏళ్లు గడిస్తే పట్టు చస్తుంది. లారీకి ఆ తేడా అంత తెలియదు, వంగే బండికి తెలుస్తుంది.

వెనక టైరు ఒక డ్రైవరు బాబు మద్రాసు నుంచి పట్టుకొచ్చాడు. ముందుది మాత్రం మా ఊళ్లో పెద్ద టైర్ల షాపాయన దగ్గర కొన్నాం. ఆయన పేరు రాయను. మా గుడి సంఘంలో పెద్ద. ఆయన తండ్రి దగ్గరే మావయ్య పని నేర్చుకున్నాడు. మేం ముగ్గురం వెళ్తే కుర్చీలు వేయించాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు.

"మన సంఘం పిల్లోడు. నీ దగ్గర లాభం తీసుకుంటానేటి? సగానికే ఇస్తాను. మొన్ననే కంపెనీ నుంచి దిగింది" అన్నాడు.

మెత్తటి రబ్బరు టైరు. పక్కన అరచేయంత స్టిక్కరు. శిలువ బొమ్మ, కింద 'ప్రభువు కృప' అని. ఆయన షాపులో ప్రతి టైరుకీ అది ఉంటుంది. ప్రార్థన చేసి అంటిస్తామని చెప్పేవాడు. నాకది ఎంతో నచ్చేది.

మావయ్య షాపుకి తెచ్చి బిగించే ముందు మా అబ్బాయి టైరు అటూ ఇటూ తిప్పాడు. "తాతా, అంకెలు స్టిక్కరు కిందున్నట్టున్నాయి. పీకి సూద్దుం."

నేనే ఆపాను. నేనే. "ఒరే, ప్రభువు పేరురా. పీకకూడదు. ఉండనీ, నీకు కాపుదల."

మావయ్య గోరు నొక్కి చూశాడు. మెత్తగా దిగింది. "అమ్మ సెప్పింది కదేటి, ఒగ్గెయ్. గోరు దిగింది" అన్నాడు. బాణం గుర్తు బండి వెళ్లే వైపు ఉందో లేదో రెండుసార్లు చూసుకుని బిగించాడు. "మొదటి రెండు రౌండ్లూ మెల్లగా తిప్పు. టైరు వేడెక్కినాకే వంగు" అని చెప్పి పంపాడు.

వాడు చెప్పినట్టే చేశాడు. మూడో రౌండులో ముందు టైరు చెప్పకుండా జారింది. కుడి మణికట్టు మూడు ముక్కలైంది. ఇప్పుడది పూర్తిగా తిరగదు. ఫ్యాక్టరీలో మెషీన్ల దగ్గర నుంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. అన్నం స్పూనుతో తింటాడు. నేను వంటింట్లోంచి ఆ చప్పుడు వింటాను.

మా అబ్బాయి ఆసుపత్రిలో ఉండగానే షాపాయన మాట పుట్టించాడు. "నా టైరు బంగారం. ఆ ముసలాయనవి లారీ చేతులు, సన్న టైరు సంగతి ఏం తెలుసు? బాణం తిరగేసి బిగించేసేడు" అని. లారీ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో అదే తిరిగింది. టైరు తిరగేసి బిగించేవాడికి బతుకులు అప్పజెప్పడం ఎందుకని ఓనర్లు మెల్లగా తప్పుకున్నారు. మావయ్య షాపు ముందు లారీల వరస చిన్నదై చిన్నదై లేకుండా పోయింది. ఆ లారీలన్నీ ఎవరి షాపు ముందు ఆగేవో వేరే చెప్పక్కర్లేదు.

విరిగిన బండిని లారీలో వేసి తెచ్చిన రోజు మావయ్య నాకు కబురు పెట్టాడు. బాణం సరిగ్గానే ఉంది. టైరు పక్క తారుకి రాసుకుని స్టిక్కరు ఒక అంచు లేచింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"నువ్వు తియ్యే. ప్రభువుని అడిగి తియ్యి."

కళ్లు మూసుకుని ప్రార్థించాను. నీళ్లు పెట్టి నానబెట్టి మెల్లగా తీశాను. కింద నాలుగు అంకెలు. మా అబ్బాయికి అమ్మేనాటికే టైరు వయసు తొమ్మిదేళ్లు. మావయ్య గోరుతో గీరి వాసన చూశాడు. పైపొర కింద రబ్బరు చెక్కలా ఉంది.

"నూనేదో పట్టించి మెత్తబరిసేడే. నా గోర్ని మోసం సేసేడు" అన్నాడు. నలభై ఏళ్లలో ఆయన కళ్లలో నీళ్లు చూడటం అదే. మా అబ్బాయి చెయ్యి విరిగిందని ఏడ్చినప్పుడు కూడా తల తిప్పుకుని ఏడ్చాడు.

నేను ఆ టైరు పట్టుకుని అప్పుడే గుడికి వెళ్లబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒద్దే. ఆడి నాన్న నాకు అన్నం పెట్టి పని నేర్పినాడు. నానుండగా ఆ ఇంటి మీద మాట పడనీను."

"నీ పేరు పోతంది మావా!"

"పోనీ. నా తరవాత నీ ఇష్టం."

ఆ చివరి మాటని నేను గట్టిగా పట్టుకున్నాను. మావయ్య కత్తితో టైరు పక్కలోంచి అంకెలున్న ముక్క కోసి నాకిచ్చాడు. దాన్ని పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టాను. మూడేళ్లు. ప్రతి ఆదివారం షాపాయన ముందు వరసలో నిలబడి పాడుతుంటే నేను వెనక నుంచి చూసేదాన్ని. మా పాస్టరు అయ్యగారు క్షమాపణ గురించి ప్రసంగించినప్పుడల్లా తల వంచుకునేదాన్ని. క్షమించానని అందరూ అనుకుని ఉంటారు. నేను ఎదురు చూస్తున్నాను.

ఖాళీ షాపులో కూడా మావయ్య రోజూ టైర్లు విప్పే లీవర్లు తుడిచి వరసగా పెట్టేవాడు. సైకిల్ పంక్చర్లు వేసేవాడు. పిల్లల సైకిల్ టైర్లకి కూడా గోరు నొక్కి చూసి, "బాగుందమ్మా, ఎల్లు" అనేవాడు. అలా పోయాడు.

మావయ్యని తలుచుకోవడానికి పెట్టిన ఆదరణ కూడికకి గుడి నిండింది. ఒకప్పటి లారీ ఓనర్లు కూడా వచ్చారు. మనిషి పోయాక రావడం తేలిక. షాపాయన లేచి మైకు అందుకున్నాడు.

"పాతకాలం మనిషి. మా నాన్న దగ్గర పని నేర్చినోడు. పనిలో పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. వాటిని తలుచుకోవద్దు, ఆయన ప్రేమనే తలుచుకుందాం" అన్నాడు.

నేను లేచాను. "అయ్యగారూ, సాక్ష్యం చెప్పాలి" అన్నాను. మా గుళ్లో సాక్ష్యానికి లేచిన మనిషిని కూర్చోమనరు. అయ్యగారు మైకు నా నోటి దగ్గరికి దించారు.

బాణం సరిగ్గానే ఉన్న మాట, స్టిక్కరు మాట చెప్పాను. పీకనివ్వనిది నేనేనని చెప్పాను. మావయ్య నన్ను ఎందుకు ఆపాడో కూడా చెప్పాను. చీర విప్పి టైరు ముక్క షాపాయన చేతికిచ్చాను.

"మీరు అంటించిన దాని కింద ఏటుందో మీరే చదవండి."

"ఇది సమయమేటమ్మా?" అన్నాడు.

"చదవండి."

ఆయన చదవలేదు. వెనక వరసలోంచి ఒక లారీ ఓనరు వచ్చి ముక్క లాక్కుని వెలుతురుకి పట్టాడు. "ఓర్నాయనో! ఇది నా లారీకంటే ముసల్దిరా! మూడేళ్లుగా నాను ఈడి కాడే కొంతన్నాను!" అన్నాడు. ఇంకొకాయన బయటికి పరుగెత్తాడు, తన లారీ టైర్లు చూసుకోవడానికి. గుళ్లో అలా కేకలు వేయకూడదు. నాకు మాత్రం ఆ కేకలు కీర్తనలా వినిపించాయి.

తర్వాత అయ్యగారు ఇంటికి వచ్చి, "క్షమించాలమ్మా" అన్నారు. "ప్రార్థన చేస్తన్నానండి, ఇంకా రాలేదు" అన్నాను. అది నిజం. ఇది రాస్తున్నది కూడా అందుకే. మావయ్య టైరు సరిగ్గానే బిగించాడని అచ్చులో ఉండాలి. ఎవరైనా స్టిక్కరు చూసి చేతులు జోడించే ముందు దాని కింద చూడాలి.

మొన్న మధ్యాహ్నం షాపాయన షోరూం మీదుగా వస్తున్నాను. లారీ ఓనర్లు నలుగురైదుగురు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. షాపాయన తెల్ల చొక్కాతో టైర్ల ముందు గొంతుక్కూర్చుని స్టిక్కర్లు ఒక్కొక్కటే పీకుతున్నాడు. "ఊ, ఇంకోటి" అంటున్నారు వాళ్లు. ఒక్కో స్టిక్కరు కింద అంకెలు బయటపడగానే వాళ్లు వంగి చదువుతున్నారు. నేను రోడ్డుకి ఇవతల ఎండలో నిలబడ్డాను, కదల్లేదు. ఆయన తలెత్తి నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. పీకిన స్టిక్కర్లు ఆయన కింద పడేయలేకపోతున్నాడు, శిలువ ఉంది కదా. చేతిలో పెట్టుకుంటే వేళ్లకి అంటుకుంటున్నాయి. అందుకని ఒక్కోటీ తన చొక్కాకే అంటించుకుంటున్నాడు. ఛాతీ నిండిపోతే చేతుల మీద, చేతులు నిండిపోతే మోకాళ్ల మీద.