షబానా చార్టు చుట్టేసుకున్న రోజు

పన్నెండేళ్ల కిందట నేను చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. కర్నూలులో మా బడి సైన్సు ఫెయిర్‌కు నేనే జడ్జిని. గెలిచినవాళ్లు కడప పోటీలకు వెళ్తారు. ఎనిమిదో తరగతి షబానా చార్టు మీద ఎర్ర కంగారూనూ, క్వీన్ అలెగ్జాండ్రా అనే పెద్ద సీతాకోకచిలుకనూ పక్కపక్కన గీసింది. ఒకటి పొట్టసంచిలో పిల్లను మోసే క్షీరదమనీ, రెండోది కీటకమనీ వివరించి, "అంతరించే ప్రమాదం సీతాకోకచిలుకకే సార్. ఈ కంగారూలు శానా ఉండాయి" అంది.

"ఏమ్మా, ఇంక పురుగుల్ని గూడా కాపాడాల్నా?" అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. షబానా చార్టు చుట్టేసుకుంది. కడపకు ఇంకొకరి పేరు రాశాను.

మధ్యాహ్నం లైబ్రరీ పుస్తకంలో చూస్తే ఆ అమ్మాయి చెప్పిందే నిజం. పేర్లు ఇంకా పంపలేదు. అయినా, పిల్లల్లో చులకనవుతానని నోరు మెదపలేదు.

మొన్న కడపలో ఒక బడి సైన్సు ఫెయిర్‌కు జడ్జిగా వెళ్తే, అక్కడ సైన్సు టీచరు షబానాయే. "బాగుండారా సార్?" అంటూ కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. ఆ రోజు నేను ఆమెను నవ్వులపాలు చేసింది పిల్లల ముందే కాబట్టి, చుట్టూ ఉన్న పిల్లల ముందే చెప్పాలనిపించింది.

"మీ టీచరమ్మ చిన్నప్పుడు సరిగ్గా చెబితే నేను ఎగతాళి చేశాను. తప్పని తెలిసీ దిద్దుకోలేదు. నన్ను క్షమించమ్మా, షబానా" అన్నాను.