మిక్సీలకు ప్రాణప్రతిష్ఠ చేసే మావయ్య

మావయ్యగారికి దేవుడి మీద నమ్మకం లేదు. దేవుడి మాటలు లేనిదే మాత్రం ఆయనకు నోరు పెగలదు. కొత్త కోడలికి ఆ సంగతి కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్నే తెలిసింది. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, తీర్థం అయిందా?" అన్నారు. ఆ పిల్ల కంగారుగా దేవుడి గూటి వైపు పరుగెత్తింది.

"కాఫీ అమ్మా, కాఫీ!" అంది అత్తగారు పొయ్యి మీంచి చూపు తిప్పకుండా. "ఈయన భాషలో కాఫీ తీర్థం, స్నానం అభిషేకం. నా తిట్లేమో అష్టోత్తరం."

"ఇవాళ సహస్రనామం దాకా వెళ్లేలా ఉంది" అంటూ ఆయన కప్పు పుచ్చుకుని మెట్లు దిగిపోయారు.

కింద ఆయనకు మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు ఉంది. అక్కడా ఇదే వరస. కాలిపోయిన మోటారు విప్పి చూసి, "రేపటికల్లా ప్రాణప్రతిష్ఠ చేసేస్తాను. ఈలోగా నా చుట్టూ ప్రదక్షిణలు చెయ్యకండి" అనేవారు. మరీ పాతదైతే పెదవి విరిచి, "దీనికిక నిమజ్జనమే" అని తేల్చేసేవారు. ఒకావిడ తన టేబుల్ ఫ్యాన్ గురించి ఆ మాట విని, "ఏ నీళ్లల్లో వెయ్యమంటారు?" అని అడిగి, శ్రద్ధగా జవాబు కోసం నిలబడిందట.

పక్కింటి పెద్దాయనకు ఒళ్లు మండేది. "దీపం వెలిగించవు, దణ్ణం పెట్టవు. ఆ పవిత్రమైన మాటల్ని అరగదీస్తావెందుకయ్యా?"

"మీ వాటా మీరు దాచుకోండి బాబాయిగారూ. నా వాటా నేను వాడుకుంటున్నాను."

కోడలు చాలా రోజులు పడీ పడీ నవ్వింది. మేనేజరు ఇంటికొచ్చిన రోజున ఆ నవ్వు కాస్తా ఆవిరైపోయింది.

ఆమె పనిచేసే ఆఫీసులో అప్పుడు మనుషుల్ని తీసేస్తున్నారు. ఎవరి మెడ మీద కత్తి ఉందో ఎవరికీ తెలియదు. పెళ్లికి రాలేకపోయిన మేనేజరు కొత్త జంటను చూసిపోదామని వచ్చారు. మావయ్యగారు ఎదురెళ్లి, "ఆవాహయామి! ఆసనం సమర్పయామి!" అంటూ కుర్చీ జరిపారు. మేనేజరు నవ్వారు. మంచినీళ్లిచ్చి "అర్ఘ్యం" అన్నా, కాఫీ ఇచ్చి "తీర్థం" అన్నా నవ్వారు. కోడలి గుండె కాస్త కుదుటపడింది. అంతలో మావయ్యగారు ఎంతో ఆప్యాయంగా, "ఇంతకీ తమరికి ఉద్వాసన ఎప్పుడు?" అని అడిగారు.

మేనేజరుకి కాఫీ పొలమారింది. "మీకెవరు చెప్పారు? అప్పుడే బయటికి పొక్కిందా?" అని లేచి, మావయ్యగారి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయారు.

"ఎప్పుడు బయల్దేరతారనేగా అడిగాను!" అని తెల్లబోయారు మావయ్యగారు.

కోడలు భర్తను గదిలోకి లాక్కెళ్లి, "నేనిక ఇక్కడ ఉండలేను. వేరే ఇల్లు చూడండి" అంది.

"నాన్నకు చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వే చెప్పు" అన్నాడు ఆ మహావీరుడు.

ఆమె విసవిసా వెళ్లేసరికి మావయ్యగారు వెనకగదిలో ఉన్నారు. అది అమ్మమ్మ గది. అత్తగారి తల్లి ఆవిడ. మతిమరుపు ముదిరి కన్నకూతురి పేరు కూడా గుర్తుండదు. అత్తగారు పళ్లెం పట్టుకుని, "అన్నం తినమ్మా, ఒక్క ముద్ద" అని బతిమాలుతోంది.

"ఎవరే నువ్వు? నాకొద్దు, ఫో!" అని అమ్మమ్మ పెదాలు బిగించేసింది.

మావయ్యగారు పళ్లెం అందుకుని, చేతులు కడుక్కున్న పూజారిలా వంగి నిలబడ్డారు. "నైవేద్యం సిద్ధమండీ. తమరు స్వీకరిస్తే గానీ ఇంట్లో ఎవరికీ ప్రసాదం లేదు."

అమ్మమ్మ నిటారుగా కూర్చుంది. "మరి ఆ ముక్క ముందే చెప్పరేం? పాపం, అందరూ ఆకలితో ఉంటారు!" అని నోరు తెరిచింది.

ముద్దలన్నీ అయ్యాక కోడలు గుమ్మం దగ్గర మెల్లగా, "ఆవిడతో సరే మావయ్యగారూ. మా మేనేజరుతో ఎందుకండీ?" అంది.

"ఆవిడకు తెలిసేవి ఇక ఈ నాలుగు మాటలేనమ్మా. ఒక్క ఆవిడతోనే ఇలా మాట్లాడితే, వచ్చేపోయేవాళ్లంతా ఆవిడను వింతగా చూస్తారు. ఊరందరితో మాట్లాడాననుకో, తిక్క నాదవుతుంది. నాకెలాగూ ఆ పేరు పెళ్లికి ముందే ఉంది."

మర్నాడు కోడలు సంగతంతా చెబితే మేనేజరు చాలాసేపు నవ్వి, చెప్పులు వాపసు ఇచ్చారు. ఇల్లు వెతకడం గురించి ఆమె మళ్లీ మాటెత్తలేదు.

ఆ సాయంత్రం అమ్మమ్మ ఆమెను దగ్గరికి పిలిచి, చెవిలో గుసగుసగా అడిగింది: "ఆ పూజారిని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారే? గంట కొట్టడు, హారతి ఇవ్వడు. ఒక్క మంత్రం రాదు."

"మాన్పించేద్దామా అమ్మమ్మా?"

"వద్దు వద్దు! మనిషి మంచివాడు. ఉండనీ, నెమ్మదిగా నేర్చుకుంటాడులే."