ఎల్వుడ్ ముక్కు

బార్డ్స్‌టౌన్‌లో ఎల్వుడ్ మాటింగ్లీ కంటే అతని ముక్కుకే పేరెక్కువ. విస్కీ తయారుచేసే డిస్టిలరీలో పీపాల నుంచి నమూనాలు తీసి వాసన, రుచి చూడడం అతని పని. ఆ పని మానేశాక కూడా, ఊళ్లో పెళ్లయినా చావయినా, చవకలో మంచి బర్బన్ విస్కీ ఏదో అతన్ని అడిగే కొనేవారు. నిరుడు చలికాలంలో వచ్చిన జ్వరంతో ఆ ముక్కు మొద్దుబారిపోయింది. ఆ సంగతి భార్య లొరీన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

స్నేహితుడు హోబర్ట్ కూతురి పెళ్లి దగ్గరపడింది. ఆదివారం చర్చి నుంచి రాగానే అతను ఎల్వుడ్‌నీ లొరీన్‌నీ తన ఇంటికి పిలిచి, వరండాలో చవక విస్కీ సీసాలు కాగితం సంచుల్లో దాచి, మూడు గ్లాసుల్లో పోసి పెట్టాడు.

"పెళ్లికొడుకు వాళ్లు లూయీవిల్ మనుషులు. వాళ్ల ముందు నా పరువు పోకుండా చూడరా," అన్నాడు.

ఎల్వుడ్ అలవాటు ప్రకారం అరచేతిలో చుక్క వేసుకుని, రెండు చేతులూ రుద్ది ముక్కుకి ఆనించుకున్నాడు. తడి తగిలింది, అంతే. నాలుక మీద మూడింటిదీ ఒకటే మంట.

"మొదటిది గాయాలు కడుక్కోవడానికి పనికొస్తుంది. మూడోదాంట్లో పాకం ఉంది, పాత ఓక్ చెక్క ఉంది. అదే కొను."

హోబర్ట్ తమ్ముడు క్లీటస్ సంచులు తీశాడు. ఉన్నవి రెండే సీసాలు. మొదటి గ్లాసులోదీ మూడో గ్లాసులోదీ ఒకే విస్కీ. ఇది హోబర్ట్ పాత వేళాకోళం. ఇన్నేళ్లూ ఎల్వుడ్ గ్లాసు ఎత్తీ ఎత్తకముందే "ఇవి కవలలు రా" అనేసేవాడు.

హోబర్ట్ ఎల్వుడ్ ముఖంలోకి చూశాడు. అంతలో క్లీటస్ తొడ చరుచుకున్నాడు.

"అన్నా, నీ ఎత్తు నీకే తిప్పికొట్టాడు చూడు."

అందరూ నవ్వారు. కాస్త ఆలస్యంగా ఎల్వుడ్ కూడా నవ్వాడు.

"ఆటలు చాలు గాని, నిజం చెప్పు. ఏది కొనను?" అన్నాడు హోబర్ట్.

"లొరీన్‌ని అడుగు."

"మీ ఇంట్లో పెత్తనం వదినదేనని తెలుసు. ముక్కు కూడా రాసిచ్చేశావా?"

లొరీన్ భర్త ముఖం చూడలేదు. అతనిలాగే చుక్క వేసుకుని రుద్ది వాసన చూసింది, గుక్క తాగింది. రెండో గ్లాసు దగ్గర కాసేపు ఆగింది.

"ఇది. మింగాక తీపి నిలుస్తోంది. ఆ అటూ ఇటూ ఉన్నది ఊరికే మండుతుంది."

అందరూ ఎల్వుడ్ వైపు తిరిగారు. ముక్కు పోయిందని చెప్పడానికి అదే అదను. నోరు తెరిచాడు కూడా.

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు.

హోబర్ట్ వంగి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. "బతికించావురా."

లొరీన్ తడి చేతులు గౌనుకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.