నేను కార్డుల పెట్టెకు పెట్టిన పరీక్ష

నా తెలివికి ఒకరి పంట ఎండిపోయిన కథ ఇది. నవ్వండి, నేనే నవ్వమంటున్నాను. చివరిదాకా నవ్వగలిగితే మీ గుండె గట్టిది.

పంతొమ్మిది వందల అరవైల్లో బోధన్ దగ్గర చెరకు రైతుల ఆఫీసులో గుమాస్తాను. చెరకు బండి ఫ్యాక్టరీకి ఏ రోజు తోలాలో రైతులు మా కిటికీ దగ్గర అడిగి తెలుసుకునేవారు. ఆ రోజు దాటితే ఫ్యాక్టరీ ఆ చెరకు తీసుకోదు. పాత గుమాస్తా లావుపాటి రిజిస్టరు తిరగేసి చెప్పేవాడు. నాకది మోటుపని అనిపించింది. రైతుకో కార్డు రాసి, పేర్ల వరసన పెట్టెలో సర్దాను.

పరీక్ష కూడా పెట్టానండోయ్. భోజనాలయ్యాక, ఫ్యాను కింద కూర్చుని, తోటి గుమాస్తా యాదగిరి రిజిస్టరు చూసి ఒక్కో పేరూ తాపీగా చదివాడు. నేను టపటపా కార్డులు తీశాను. ఒక్కటీ తప్పలేదు. యాదగిరి బీడీ ముట్టించి, "ఇగ గా రిజిస్టరెందుకు, అటక మీద పారెయ్యి" అన్నాడు. పారేశాను.

సీజను మొదటి రోజు కిటికీ ముందు రెండు వందల మంది. ఒక్కడూ యాదగిరిలా అడగడే! ఒకాయన మామ కార్డు తీయమంటాడు, ఇంకొకాయన ఊరి పేరు చెప్పి ఊరుకుంటాడు. తీసిన కార్డులు బల్ల మీద చెత్తలా పోగుపడ్డాయి. అప్పుడొచ్చింది మోస్రా అనే ఊరి నుంచి ఒకామె. మొగుడు జ్వరంతో మంచం పట్టాడట. నరికిన చెరకు పొలంలోనే ఉందట.

"పేరు?"

"రాజవ్వ. చెరుకు మా ఇంటాయన పేరు మీదున్నది సారూ."

"ఆయన పేరేంది?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా దిక్కు పెళ్ళాం మొగుడి పేరు నోటితో అనదు. "మా సాయిగాని బాపు" అంది, కొడుకు పేరు పట్టుకుని.

నా పెట్టెలో సాయిగాడి బాపుకు చోటెక్కడిది? వెనకాల మోస్రావాళ్ళు ఉన్నారు, అడిగితే చెప్పేవాళ్ళే. అడిగే ఓపిక నాకు లేకపోయింది. "కార్డు లేదు, పక్కకు జరుగు" అని కసిరాను.

ఐదో రోజు రద్దీ తగ్గాక మనసు పీకి, ఆ ఊరివాళ్ళను పేరడిగి వెతికాను. కార్డు పెట్టెలోనే, ఉండాల్సిన చోటే ఉంది. ఆమె తేదీ మాత్రం దాటిపోయింది. సైకిలెక్కి మోస్రా పోయాను. పొలంలో చెరకు కట్టెల్లా ఎండి పడి ఉంది. సిగ్గుతో చచ్చిపోతూనే, కార్డు దొరికిందని చెప్పాను.

"మంచిదాయె సారూ. గీ చెరుకు ఇగ పొయ్యిలకే అక్కరకొస్తది" అంది రాజవ్వ.

తిరిగొస్తూ సైకిలు మీదే గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను: రాజవ్వ తనంతట తాను అడిగి జవాబు పొందేదాకా, నేను చేసిన ఏ పెట్టెనూ ఈ జన్మలో బాగుందని అనను. మరుసటి ఏడు కార్డుల మీద కొడుకుల పేర్లు కూడా రాసి, పరీక్షకు రమ్మని ఆమెకు కబురు పంపాను.

రాలేదు. ఆ ఏడు వాళ్ళు చెరకే వేయలేదట.