మా ఆవిడ సూరత్ వెళ్ళిపోయిందట

ఒరిస్సాలో మా గంజాం వైపు మగపిల్లాడికి మీసం మొలవగానే సూరత్ రైలెక్కిస్తారు. నన్ను మీసం మొలవకముందే ఎక్కించేశారు. ఏడో తరగతిలో నేనూ లెక్కల మాస్టారూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేని స్థితికి వచ్చాం మరి. అక్కడ మరమగ్గాల హోరులో అరిచి అరిచి అలవాటైపోయి, ఇప్పటికీ నేను మామూలుగా మాట్లాడితే ఇరుగుపొరుగు దెబ్బలాట అనుకుంటారు. నిజంగా దెబ్బలాడితే మాత్రం ఎవరూ పట్టించుకోరు.

తిరిగొచ్చి బరంపురంలో టైల్స్ పనిలో పడ్డాను. ఊళ్ళో కొత్త మేడల గచ్చులు చాలావరకు నా మోకాళ్ళు అరగదీసి వేసినవే. మేముండేది మాత్రం అద్దెకొంపలో. వాన పడితే ఇంటి ఓనరుకంటే ముందు పైకప్పే అద్దె వసూలు చేసేది, చుక్కా చుక్కా.

అలాంటి రోజుల్లో బడా బజార్ వెనక సందులో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. రైల్వేలో చేసి రిటైరైన తెలుగాయనది. వీధిలోకి ఒక గది, మధ్య నడవ, వెనక ఇంకో గది, వంటిల్లు, చిన్న పెరడు. గచ్చు చూస్తే నా చేతులు దురద పెట్టాయి, ఎవడో కళ్ళకి గంతలు కట్టుకుని వేశాడు. మా ఆవిడ మాత్రం గచ్చు చూడలేదు. వంటింటి కిటికీ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. సూరత్‌లో దాచింది మొత్తం తెచ్చి ఆ పెద్దాయనకి బయానా ఇచ్చేశాను. దసరా లోపు మిగతాది ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇల్లూ పోతుంది, బయానా కూడా పోతుంది.

మిగతాదానికి బ్యాంకే దిక్కు. ఆడవాళ్ళ పేర కొంటే స్టాంపు ఖర్చు తగ్గుతుందని బ్రోకరు చెప్పాడు. పైగా మా ఆవిడ పదో తరగతి పాసు, ఒరియా, తెలుగు రెండూ రాస్తుంది. ఇల్లు ఆవిడ పేర, అప్పులో ఇద్దరం. బ్యాంకు మేనేజరు కంప్యూటర్లో చూసి, "మీ మిసెస్ పేర చిన్న చిన్న గ్రూపు లోన్లు చాలా ఉన్నాయి. టైముకి కడుతున్నారు కాబట్టి పర్వాలేదు. మా మనిషి వచ్చి చుట్టుపక్కల అడుగుతాడు, అంతే" అన్నాడు.

అంతే అనుకున్నాం మేం కూడా.

ఆ గ్రూపు లోన్ల సంగతి చెప్పకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మా సాహిలో, అంటే మా వీధిలో, ఆడవాళ్ళంతా కలిసి అప్పు తీసుకుంటారు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. మా ఆవిడ ఆ గ్రూపుకి లీడరు. వారం వారం వసూలుకి ఆ అప్పిచ్చిన కంపెనీ మనిషి ఒకతను బండి మీద వస్తాడు. హెల్మెట్ తియ్యడు, సంచి దించడు, చెప్పులతోనే అరుగెక్కి కూర్చుంటాడు. ఒక్కరి వాయిదా తగ్గినా లేవడు, ఎవరినీ లేవనివ్వడు. పొయ్యి మీద కూర మాడితే మాడనీ. జ్వరంతో పడుకున్న మనిషిని లేపి తీసుకొచ్చి కూర్చోబెట్టిన రోజు నేను కళ్ళారా చూశాను. సూరత్ సేఠ్ మమ్మల్ని పశువుల్లా చూశాడు, నిజమే, కాని పశువుకి జ్వరమొస్తే పడుకోనిచ్చేవాడు. వీళ్ళ ఆఫీసు గోడ మీద మాత్రం చీర కట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ, కింద 'మీ గౌరవమే మా ధ్యేయం' అని రాత.

దానికి మా సాహి ఆడవాళ్ళు ఒక మందు కనిపెట్టారు. హెల్మెట్ పెట్టుకుని, చొక్కా లోపలికి దోపుకుని ఎవడొచ్చి ఎవరి పేరడిగినా ఒకటే జవాబు. ఆవిడ లేదు. సూరత్ వెళ్ళిపోయింది. ఇలా చెప్పి కొందరికి కనీసం ఆ పూట అన్నం తినే టైము దొరికేది.

ఇక ఊహించుకోండి. బ్యాంకు మనిషి వచ్చిన రోజు నేను ఛత్రపూర్‌లో పనిలో ఉన్నాను, మా ఆవిడ రేషను లైన్లో ఉంది. నాలుగు రోజులకి బ్యాంకు నుంచి పిలుపు.

"మీరు ఆ అడ్రస్‌లో లేరట కదా," అన్నాడు మేనేజరు.

"నేను లేకపోతే నెలనెలా అద్దె ఎవరు కడుతున్నారండీ, దెయ్యమా?"

"మీ మిసెస్ సూరత్ వెళ్ళిపోయారట."

"ఆ ఊరు వెళ్ళొచ్చింది నేను సార్. ఆవిడ ఛత్రపూర్ దాటి వెళ్ళిన పాపాన పోలేదు."

ఆయన నవ్వలేదు. నవ్వడానికి పైఆఫీసు నుంచి అనుమతి రావాలేమో.

ఇంటికొచ్చి పక్కింటి పిన్నిని పట్టుకున్నాను. పిన్ని అంటే మాకు చుట్టం కాదు, అప్పడాలు ఒత్తి అమ్ముతుంది, సాహిలో ఏ మాటైనా ముందు ఆవిడ నోట్లోంచే బయటికి రావాలి.

"బేంకు మనిసని మొకం మీద రాసుకొచ్చినాడేటి?" అంది చేతిలో కర్ర ఆపకుండా. "హెల్మెట్టెట్టుకుని ఒచ్చినాడు. నీ పెళ్ళాం పేరడిగినాడు. మరేటి సెప్పమంటావు?"

"ఇల్లు ఖాళీ చేసి పోయామని కూడా చెప్పావటగా!"

"ఊరికే ఎల్లిపోనాదంటే నమ్మరు నాయినా. అబద్దవాడినప్పుడు కూసింత నిండుగా ఆడాల."

నాకు నవ్వొచ్చింది, అదే నా ఖర్మ. మళ్ళీ బ్యాంకు చుట్టూ తిరిగి, కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని, రెండోసారి ఆ మనిషిని రప్పించడానికి ఒప్పించాను. అందరినీ మా గుమ్మంలో కూర్చోబెట్టి మరీ చెప్పాను, "తల్లుల్లారా, ఈసారి నిజం చెప్పండి. ఉన్నది ఉన్నట్టు." ఆ మాట ఎందుకన్నానా అని ఈనాటికీ ఏడుస్తాను.

ఆదివారం వచ్చాడు. హెల్మెట్ ముందే తీసేశాడు, పాపం. మా ఆవిడ టీ ఇచ్చింది. పిన్ని పమిట సర్దుకుని మొదలెట్టింది.

"బంగారం సార్ ఇది. మా అందరి అప్పులూ దీని నెత్తినే ఉన్నాయి."

టీ గ్లాసు కిందకి దిగింది. "అంటే?"

"మాకు ఎక్కువ ఇవ్వరు గదా, దీని పేర తీసి మేం పంచుకున్నాం. ఎప్పుడైనా కట్టకపోతే ఇదే కడతాది. ఒక్క మాటనదు. ఆ సివరింటిది మొగుడితో సూరత్ పారిపోనాదా, దాని వాయిదాలన్నీ ఇదే కడతన్నాది, సీరలకి ఫాల్స్ కుట్టి. ఇలాంటిదానికి ఇల్లివ్వకపోతే ఇంకెవుళికిస్తారు సార్?"

మిగతావాళ్ళంతా అవునవునన్నారు. ఆ మనిషి టీ పూర్తి చెయ్యకుండానే లేచాడు. నేను మా ఆవిడ మొహం చూశాను. చివరింటావిడ పారిపోయిందని నాకు తెలుసు. ఆవిడ అప్పు మా పొయ్యి మీద ఉడుకుతోందని తెలీదు.

"నాతో ఒక్కమాట సెప్పొచ్చు గదా!" అని అరిచాను, అందరూ వెళ్ళాక.

"సెపితే ఏటి సేద్దువు? సూరత్ ఎల్లి దాన్ని జుట్టట్టుకుని లాక్కొద్దువా?"

"ఆళ్ళందరి అప్పులూ నీ పేర ఎందుకు మొయ్యాల? నువ్వు మనిసివా, మూటలు మోసే గాడిదవా?"

"సంతకం ఎట్టింది నాను. ఆళ్ళు సగమైనా కడతన్నారు. ఇప్పుడు మొకం మీద అడిగితే అదీ మానెత్తారు. అప్పుడు మొత్తం నాదే. సెప్పు, అడగమంటావా?"

మాటలో ఓడిపోయిన మగాడు చేసే పనే చేశాను, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాను.

బ్యాంకు లేదంది. అనకపోతే ఆశ్చర్యం. లక్షల్లో అప్పు తెచ్చి మిల్లు పెట్టి మూసేసినవాడికి వెనకాల తలుపు తెరుస్తారు. ఫాల్స్ కుట్టి పరాయి మనిషి అప్పు కట్టినదానికి ముందు తలుపు వేస్తారు. పిన్నితో చెబితే ఆవిడ నా మీదే విరుచుకుపడింది. "అంత గొప్పగా సెప్పినాం దాని గురించి! ఆడికి మనిసి విలవ తెలకపోతే మాదేటి తప్పు?" క్షమించమన్న మాట ఎవరి నోటా రాలేదు. పైగా ఇల్లు ఎప్పుడు తీసుకుంటున్నావని అడిగేవాళ్ళు, నేనేదో ముహూర్తం చూసుకుని ఊరుకున్నట్టు.

దసరాకి ముందు ఆ రైల్వే పెద్దాయన దగ్గరకి వెళ్ళాను, బయానా వదులుకోడానికి సిద్ధపడే. ఆయన నన్ను కూర్చోబెట్టాడు.

"ఏమోయ్, మొత్తం కొనలేవు. వెనక భాగం కొనుక్కో. ముందు గది దర్జీకి అద్దెకిచ్చుకుంటాను. పక్క సందులోంచి నీకు దారి రాసిస్తాను."

వెనక భాగానికీ కొంత తక్కువైంది. మా కాంట్రాక్టరు ఇచ్చాడు, ఏడాది పాటు అతను చెప్పినచోటల్లా సగం కూలికి గచ్చులు వేసే ఒప్పందం మీద. అలా నాకూ సొంతంగా ఒక అప్పు దక్కింది. మా ఇద్దరి జాతకాలు ఇప్పుడు కలిశాయి.

రిజిస్ట్రేషను ముందురోజు మా ఆవిడ అంది, "నా పేర వొద్దు. నీ పేర రాయించు."

"స్టాంపుకి ఎక్కువవుద్ది."

"అవనీ. ఆ కంపెనీలోళ్ళు నా పేర ఇల్లుందంటే ఊరుకోరు. రేపు ఇంకో రెండిళ్ళోళ్ళు సూరత్ ఎల్లిపోతే?"

వాళ్ళు ఇల్లు పట్టుకోగలరో లేదో నాకు తెలీదు. వకీలుని అడగడానికి మళ్ళీ ఫీజు. కాని ఆవిడ భయం నిజం. ఆ కిటికీ తెరిచి చూసుకున్నది ఆవిడ, సంతకం పెట్టింది నేను. ఆఫీసులో రాతగాడు కూడా ఒకసారి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "అందరూ పెళ్ళాం పేర పెట్టి మిగుల్చుకుంటారు, నువ్వేంటయ్యా?"

ఇలా ఎందుకు చేశామో ఎవరికీ చెప్పొద్దని ఆవిడ ఒట్టు వేయించుకుంది. తెలిస్తే గ్రూపు బెదిరి చెదిరిపోతుందట. దాంతో సాహిలో నాకొచ్చిన పేరేమిటో వినండి. పెళ్ళాన్ని నమ్మనివాడు. సామాను కొత్తింటికి మారుస్తున్న రోజు పంపు దగ్గర పిన్ని అందరి ముందూ దులిపేసింది.

"దాని కట్టం కావాల గాని, దాని పేరక్కర్లేదేటి నీకు? ఫాల్స్ కుట్టి కుట్టి యేళ్ళు సిల్లులు పడిపోనాయి దానికి. కాయితం మీద మాత్రం నువ్వా? సిగ్గులేదా?"

ఎవరి అప్పు కట్టడానికి ఆ వేళ్ళు చిల్లులు పడ్డాయో ఆవిడే నన్నడుగుతోంది. సరే, ఒట్టు ఒట్టే. చాలాసేపు ఓర్చుకున్నాను. కాని ఎంతకని?

"పిన్నీ, మా ఆవిడ పేర నువ్వు తీసుకున్నదాంట్లో ఇంకా ఎంత ఉంది?"

"ఆ మాటిప్పుడెందుకు?"

"అది తీరిన మర్నాడు ఇల్లు దాని పేర రాయించేస్తాను. ఖర్చు కూడా నాదే. కాస్త బేగి కట్టు."

పిన్ని బిందె సగం నిండగానే చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. ఆ వారం ఆవిడ వాయిదా అడక్కుండానే వచ్చింది. మరో ఇద్దరివి అస్సలు రాలేదు. మా ఆవిడ భయపడ్డట్టే అయింది, నేను చెప్పింది కూడా అబద్ధం కాదు, ఏం చెయ్యను?

ఆవిడ మాత్రం రెండు పూటలు నాకు అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు. ఇల్లు నా పేర ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి నా పడక దర్జీ అరుగు మీదే.